రెడ్‌హిల్స్ వీధిలో ఒక పరామర్శ

హైదరాబాదు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి మెట్రో ఎక్కితే ఐదవ స్టేషను లక్డీకాపూల్. అక్కడి నుండి కొంత దూరం నడిస్తే రెడ్‌హిల్స్. నిలోఫర్ ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. రెండవది 1955లో నెలకొన్నది. నాటి హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్ తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరును అది ధరించింది.

గత శీతాకాలంలో మేము ఆ వీధికి వెళ్ళింది మా ఊరి దర్జీ సోదరుణ్ణి పరామర్శించడానికి. ఇరవై ఏళ్ళుగా మా మదరసా పిల్లల కుర్తాలు కుట్టింది ఆయనే. జర్దా పాన్ అలవాటు ఎడమ బుగ్గలో మానని పుండై, చివరికి క్యాన్సరని తేలింది. ఆరోగ్యశ్రీ పథకం కింద ఆపరేషన్ జరిగింది. చికిత్స ఉచితమే కదా అని మేము నిశ్చింతగా ఉండిపోయాము. రెండు నెలల తరువాత గాని చూడటానికి కదలలేదు.

సందులోని ఒక చిన్న అద్దె గదిలో దంపతులిద్దరూ ఉన్నారు. మేము తీసుకువెళ్ళిన ఆపిల్ పండ్లను చూసి ఆయన చిరునవ్వు నవ్వబోయారు. నోరు వేలెడంతే తెరుచుకుంది. దాన్ని సాగదీయడానికి ఐస్‌క్రీం పుల్లలను ఒకదానిపై ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని రోజూ సాధన చేస్తున్నారట. ఐదు రూపాయల భోజనం నగరంలో దొరుకుతుంది, కాని అన్నం ఆయన గొంతు దిగదు. పాలు, జావ, పొడి కలిపిన ద్రవాలే ఆహారం.

ఆమె ఒక నోటు పుస్తకం మా ముందుంచింది. వారానికి ఐదు రోజుల చొప్పున 33 సార్లు రేడియేషన్. సెలవు రోజులతో కలిపి 47 రోజుల బస. గది అద్దె రోజుకు 350 చొప్పున 16,450 రూపాయలు. ఇద్దరి తిండికి రోజుకు 200 చొప్పున 9,400. పోషకాహార పొడి డబ్బాలు ఆరింటికి 4,200. మొత్తం 30,050. ఇందులో ఆయన కోల్పోయిన కూలి లేదు, ఊరిలో పిల్లల ఖర్చు లేదు.

"ఇక చాలు మౌల్వీసాబ్, ఇంటికి పోతాం. మిగిలినవి తరువాత చూసుకుందాం" అన్నారాయన, మాట సరిగా పలకక. అప్పటికి 19 మాత్రమే పూర్తయ్యాయి. మధ్యలో ఆపితే చేసిన వైద్యం బలం తగ్గుతుందని డాక్టర్లు ముందే హెచ్చరించారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "కుట్టుమిషనుకు బేరం కూడా కుదిరింది" అని ఆమె నెమ్మదిగా చెప్పింది.

మేము సిగ్గుపడ్డాము. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను ఏటా పిల్లలకు వల్లె వేయించే మేము, ఆ వర్గాలలో ఋణగ్రస్తులున్నారని ఈ గదిలో కూర్చున్నాకే గుర్తు తెచ్చుకున్నాము. ఆ సాయంత్రమే మసీదు కమిటీ పెద్దలకు ఫోన్ చేశాము. రెండు రోజుల్లో గది అద్దె, అప్పులో కొంత సమకూరాయి. మిషను అమ్ముడుపోలేదు. ఆయన 33 పూర్తి చేసుకుని ఊరికి వచ్చారు.

అయితే ఖర్చు అంతటితో ముగియలేదు. రేడియేషన్ తగిలిన దవడ ఎముక గాయం త్వరగా మానదు గనుక, పాడైన పళ్ళను ముందుగానే తీసేశారు. వాటి స్థానంలో కట్టుడు పళ్ళు కావాలి. లాలాజలం ఊరదు, నీళ్ళసీసా చేతిలో ఉండాల్సిందే. రెండు నెలలకొకసారి పరీక్షకు నగరానికి వెళ్ళాలి, తోడుగా మరొకరూ వెళ్ళాలి. వ్యాధి నుండి బయటపడిన మనిషి బతుకుకయ్యే ఖర్చు ఇది. ఆపరేషన్ బిల్లులో ఇది కనిపించదు.

సోదర సోదరీమణులారా! ఇకపై ఇటువంటి రోగిని పరామర్శించడానికి వెళ్ళేటప్పుడు పండ్ల సంచి ఇంట్లోనే ఉంచండి. "గది అద్దె ఎంత? ఇంకా ఎన్ని రోజులు? పిల్లల దగ్గర ఎవరున్నారు?" అని అడగండి. మేము రెండు నెలలు ఆలస్యంగా అడిగాము. మీరు మొదటి వారంలోనే అడగండి.