లేత్ మిషన్‌కి మూడు రోకళ్ల కరెంటు

మిక్సీ కొన్నా, గ్రైండర్ కొన్నా మనం ఏం చేస్తాం? ధర బేరమాడతాం, గ్యారంటీ అడుగుతాం, ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తాం. అంతే కదా! కానీ ఇంట్లోకి లేత్ మిషన్ వస్తే ఆ లెక్క సరిపోదు. కొనడం ఒక ఎత్తు, దానికి కరెంటు పెట్టడం ఇంకో ఎత్తు. 'అదంతా మగవాళ్ల వ్యవహారం, మనకెందుకు?' అనుకోకండి. మిషన్ ఉండేది మన పెరట్లో. కరెంటు పోయినా, వచ్చినా దాని పక్కన తిరిగేది మనమూ, మన పిల్లలూనే.

మాది మందమర్రి. బొగ్గుబాయిల ఊరు. ఐటిఐ చదివితే బాయిలో నౌకరీ దొరుకుతుందని ఒకప్పుడు ఇక్కడ అందరికీ ఆశ. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు అందులో సగం మంది కూడా లేరు. అందుకే టర్నర్ ట్రేడు చదివిన మా చిన్నబ్బాయి సొంతంగా పని పెట్టుకుంటానన్నాడు. ఎవరో షాపు మూసేస్తూ అమ్ముతుంటే ఆరడుగుల పాత లేత్ కొన్నాం. నా గొలుసు బ్యాంకులో పెట్టి కొన్నాం. అంటే, లేత్ తిరిగితేనే గొలుసు తిరిగొస్తుందన్నమాట!

లేత్ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. మన చపాతీ కర్ర, మంచం కోళ్లు అంత నున్నగా, గుండ్రంగా ఎలా వస్తాయి? కర్రను గిరగిరా తిప్పుతూ ఉలి ఆనిస్తారు. దాన్ని పాతకాలంలో తరిమెన పట్టడం అనేవారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేదీ ఆ పద్ధతిలోనే. లేత్ అదే పనిని ఇనుముతో చేస్తుంది. ట్రాక్టరు పిన్నులు, పిండిగిర్ని షాఫ్టులు, బోరు మోటార్ల బుష్‌లు దాని మీదే తయారవుతాయి. ఇనుమును తిప్పుతూ చెక్కాలంటే బలం కావాలి కదా! మా లేత్ మోటారు 3 హార్స్‌పవర్. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అంటే మన 750 వాట్ల మిక్సీలు మూడు ఒకేసారి తిరిగినట్టు.

మిషన్ దింపిన రోజు మావాడు మోటారు మీది రేకు తుడిచి చదివాడు. 415 వోల్టులు, త్రీఫేజు అని ఉంది.

"అమ్మా, మనింట్ల ఉన్నది సింగిల్ ఫేజే. 230 వోల్టులు. గీ మోటరు నడవది" అన్నాడు.

"మరి పిండిగిర్నికి ఎట్ల నడుస్తున్నది?" అన్నాను.

"గిర్నికి స్తంభం మీదికెల్లి మూడు వైర్లు తీసుకున్నరు. మనకు ఒక్కటే ఉన్నది."

ఈ ఫేజుల సంగతి నాకు అర్థమైంది రోకలి వల్ల. ఒక్క మనిషి కారం దంచితే రోకలి లేచి పడేదాకా మధ్యలో ఖాళీ ఉంటుంది. అదే ముగ్గురం చుట్టూ నిలబడి ఒకరి తర్వాత ఒకరం పోటు వేస్తే ఖాళీ ఉండదు, పని ఆగదు. త్రీఫేజు అంతే. మూడు తీగల్లో కరెంటు వంతులవారీగా ఊపు ఇస్తుంది. అందుకే ఆ మోటారు దానంతట అదే మొదలవుతుంది, నిమ్మళంగా తిరుగుతుంది. అసలు కరెంటు పుట్టడమే మూడు ఫేజులుగా పుడుతుంది. మా బొగ్గుతో నడిచే జైపూర్‌లోని సింగరేణి 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రంలోనూ అంతే. మా బజారు స్తంభం దాకా మూడూ వస్తాయి. మా మీటరుకు మాత్రం ఒక్కటే వచ్చింది!

తెలిసినవాళ్లను అడిగితే మూడు దారులు చెప్పారు.

మొదటిది, మోటారు మార్చి సింగిల్ ఫేజుది పెట్టడం. ఒక్క రోకలి మోటారు దానంతట అది కదలదు. ఉయ్యాలను ముందు ఒకరు తోసినట్టు దాన్ని కెపాసిటర్ తోయాలి. నడిచేటప్పుడు 3 హార్స్‌పవర్‌కు 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. అప్పుడు మనింట్లో లైట్లు మసకబారతాయి, పక్కింటివాళ్లకు కోపం వస్తుంది. చిన్న లేత్‌కు, ఒక హార్స్‌పవర్ లోపు మోటారుకు ఇది మంచి దారే.

రెండోది, డ్రైవ్ పెట్టడం. వీఎఫ్‌డీ అంటారు. సింగిల్ ఫేజు కరెంటు తీసుకుని మూడు ఫేజులుగా చేసి ఇచ్చే పెట్టె అది. మోటారును మెల్లగా మొదలుపెడుతుంది, వేగం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. కానీ ఆ పెట్టె ఇచ్చేది 230 వోల్టులే. 415 వోల్టులు, స్టార్ కనెక్షన్ అని రాసి ఉన్న మోటారును లోపల డెల్టాకు మార్చాలి. మోటారులోంచి ఆరు వైర్లు బయటికి వచ్చి ఉంటేనే అది సులువు. మూడే ఉంటే వైండింగ్ చేసేవాళ్ల దగ్గర విప్పించాలి. సొంత సరదాకు ఇంట్లో లేత్ పెట్టుకునేవాళ్లకు ఈ దారి బాగుంటుంది.

మూడోది, త్రీఫేజు కనెక్షన్ తీసుకోవడం. ఖర్చు ఉంది, దరఖాస్తు ఉంది, ఎదురుచూపు ఉంది. మా ఆయన మొదట వద్దన్నారు. కానీ మావాడు చేసేది నాలుగూళ్ల పని. ఇంటి మీటరు మీద డబ్బులకు పని చేయడం చట్టం ఒప్పుకోదు. విద్యుత్ చట్టం, 2003లోని 126వ సెక్షన్ కింద, తేలితే రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. అప్పు తెచ్చి మొదలుపెట్టిన పనికి ఆ భయం కూడా ఎందుకు? ఇంటికి కేటగిరీ-1 మీటరు అలాగే ఉంచి, షెడ్డుకు పరిశ్రమల కేటగిరీలో వేరే మీటరు పెట్టించాం. త్రీఫేజులో అదే మోటారు ఒక్కో తీగ నుంచి దాదాపు 5 ఆంపియర్లే తీసుకుంటుంది.

మీటరు వచ్చింది, మిషన్ తిరిగింది. అయితే వైరింగ్ చేసినతను స్టార్టరు తర్వాత తెస్తానని మెయిన్ స్విచ్చి నుంచి నేరుగా మోటారుకు కలిపి వెళ్లాడు. నాలుగో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మావాడు చక్కులో ఇనుము బిగిస్తూ బిగిస్తూ, బిగించే తాళం అందులోనే ఉంచి మంచినీళ్లకు వంటింట్లోకి వచ్చాడు. గ్లాసు నోటి దగ్గరుండగానే కరెంటు వచ్చింది. స్విచ్చి ఆన్‌లోనే ఉంది కదా! చక్కు ఒక్కసారిగా తిరిగి, ఆ తాళం ఎగిరి షెడ్డు రేకుకు తగిలింది. రేకు సొట్టపోయింది. ఆ నిమిషం మావాడు అక్కడే వంగి ఉంటే... నా కాళ్లు వణికాయి.

"రెండు రోజులల్ల స్టార్టరు తెస్తం. అప్పటిదాక జాగ్రత్తగ నడుపుకుందాం. పనులు ఆగినయ్" అన్నారు మా ఆయన.

"ఆగనియ్యుండ్రి. స్టార్టరు వచ్చేదాక మిషన్ తిరగద్దు" అన్నాను. మెయిన్ ఫ్యూజులు తీయించి నా బియ్యం డబ్బాలో దాచాను!

స్టార్టరు ఎందుకంటే, కరెంటు పోగానే దానిలోని అయస్కాంతం పట్టు వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా మనం పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు కదలదు. దానితోపాటే ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. మూడు రోకళ్లలో ఒకటి ఆగితే, అంటే ఒక ఫ్యూజు పోతే, మోటారు మూలుగుతూ వేడెక్కి కాలిపోతుంది. ఆ లోపే రిలే ఆపేస్తుంది.

మీ ఇంటికి పాత లేత్ వస్తుంటే ముందే ఇవి అడగండి. మోటారు రేకు మీద ఏం రాసి ఉంది? స్టార్టరు, ఎర్ర బటన్ చేతికందే చోట ఉన్నాయా? మోటారుకు రెండు వేర్వేరు ఎర్త్ వైర్లు కలిపారా? ఎర్త్ గుంట ఉప్పు, బొగ్గు వేసి చేశారా? మా ఎండలకు నేల ఎండితే ఎర్త్ పనిచేయదు. అందుకే తులసికోటకు నీళ్లు పోసేటప్పుడే ఎర్త్ గుంటకూ ఒక బిందె పోస్తాను. చక్కు సరైన వైపే తిరుగుతోందా? తిరక్కపోతే మూడు తీగల్లో ఏ రెండైనా మార్పించాలి. పాత మిషన్లలో మరతో బిగిసే చక్కు ఎదురు తిరిగితే ఊడి రావచ్చు.

ఇక మన సంగతి. మిషన్ తిరిగేటప్పుడు కొంగు, జడ, గాజుల చేతులు దూరంగా ఉండాలి. పనిచేసేవాళ్లు చేతి తొడుగులు కూడా వేసుకోకూడదు, తిరిగే ఇనుము వాటిని పట్టుకుని చేతినే లాగేస్తుంది. చాయ్ ఇవ్వాలంటే నేను గడప దగ్గరే నిలబడి పిలుస్తాను.

గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. నెలనెలా కడుతున్నాం, వస్తుంది. రాత్రి అన్నం పెట్టేటప్పుడు మాత్రం మావాడి చేతుల వైపు చూస్తాను. నూనె మరకలున్నా పది వేళ్లూ పదిలంగా ఉన్నాయి. నాకు అది చాలు.