రెండు సీజన్ల బేరం

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆటగాళ్ల మార్పిడికి గడువు ముంచుకొస్తోందంటే, కప్పు మీద ఆశ ఉన్న జట్లన్నీ పెద్ద పేర్ల వెంట పడతాయి. నన్నడిగితే ముందు చూడాల్సింది పేరు కాదు, ఆ ఆటగాడి కాంట్రాక్టు వచ్చే ఏడాదికీ ఉందా లేదా అన్నది. స్టాన్లీ కప్ దక్కాలంటే ఏడేసి మ్యాచుల సిరీస్‌లు నాలుగు గెలవాలి. అవతలి గోల్‌కీపర్ చెలరేగినా, ఆటబిళ్ల పక్ ఎవరి స్కేటుకో తగిలి దారి మళ్లినా ఎంతటి జట్టయినా ఇంటిదారి పట్టాల్సిందే. 2022-23లో బోస్టన్ బ్రూయిన్స్ 65 విజయాలతో లీగ్ రికార్డు సృష్టించింది. గడువుకు ముందు ఓర్లోవ్, హాతవే, బెర్టూజీలను తెచ్చుకుంది. ముగ్గురి కాంట్రాక్టులూ ఆ వేసవితో సరి. బెర్టూజీ ఏడు మ్యాచుల్లో 5 గోల్స్ కొట్టాడు కూడా. అయినా 3-1 ఆధిక్యాన్ని చేజార్చుకుని, తొలి రౌండ్‌లోనే ఫ్లోరిడా చేతిలో ఓడింది. వేసవిలో ముగ్గురూ వెళ్లిపోయారు. ఆటగాళ్ల ఎంపికలో తప్పు పట్టలేం. వాళ్లతో మరోసారి ప్రయత్నించే వీలే లేకపోయింది.

2020లో టాంపా బే జనరల్ మేనేజర్ జూలియన్ బ్రీజ్‌బ్వా ఆ వీలు చూసుకునే కొన్నాడు. అంతకుముందు ఏడాది 62 మ్యాచులు గెలిచి, తొలి రౌండ్‌లో కొలంబస్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడిన జట్టు అది. గోల్స్ కొట్టేవాళ్లకు కొదవ లేదు. ఎదుటివాళ్లకు ఊపిరి సలపనివ్వని మూడో లైను, అంటే ముగ్గురు ఫార్వర్డ్‌ల మూడో బృందం, కావాలి. బ్లేక్ కోల్‌మన్, బార్‌క్లే గుడ్‌రోల కోసం, కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో చెరొక మొదటి రౌండ్ హక్కు వదులుకున్నాడు. జట్టు జీతాలకు అప్పట్లో 8.15 కోట్ల డాలర్ల పరిమితి ఉన్నచోట కోల్‌మన్ ఖర్చు 18 లక్షలు, గుడ్‌రోది 9.25 లక్షలు. ఇద్దరికీ మరో సీజన్ మిగిలే ఉంది. టాంపా 2020లో కప్పు గెలిచింది, 2021లో మళ్లీ గెలిచింది. ఆ రెండో ఏడాది మాంట్రియల్‌తో ఫైనల్ రెండో మ్యాచ్. రెండో పీరియడ్‌లో ఒక్క సెకనో ఎంతో మిగిలుండగా గుడ్‌రో పాస్ అందించాడు. కోల్‌మన్ ముందుకు దూకి, మంచు మీద పడిపోతూనే పక్‌ను గోల్‌లోకి నెట్టాడు. ఒక్క సీజన్‌కే కొని ఉంటే ఆ రాత్రి ఇద్దరూ అక్కడ ఉండేవారే కాదు.

కాంట్రాక్టు మిగిలినవాడికి ధర ఎక్కువ, భవిష్యత్తును తాకట్టు పెట్టినట్టేగా అనవచ్చు. నిజమే, కానీ బలమైన జట్టుకు డ్రాఫ్ట్ వంతు రౌండ్ చివర వస్తుంది. అక్కడ దొరికిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎదిగేసరికి ఇప్పటి మేటి ఆటగాళ్లకు వయసు మీరిపోతుంది. ఇంతకంటే గట్టి అభ్యంతరం టానర్ జానో. 2023లో, తర్వాతి ఏడాదికీ జట్టుకు హక్కు ఉండే అతని కోసం ఇదే బ్రీజ్‌బ్వా ఐదు డ్రాఫ్ట్ హక్కులతో పాటు ఒక డిఫెన్స్ ఆటగాణ్ణి ఇచ్చి నష్టపోయాడు. ముందు సీజన్‌లో 24 గోల్స్ కొట్టిన జానో, ఆ ఏడాది నాష్‌విల్‌కు 56 మ్యాచుల్లో కొట్టినవి 5. ఆటగాడిపై హక్కు ఎన్నాళ్లు చేతిలో ఉంటుందన్నది మొదటి ప్రశ్నే కానీ ఏకైక ప్రశ్న కాదని ఒప్పుకోవాలి. ఇక 2025లో బ్రాడ్ మార్షాండ్ ముగియబోయే కాంట్రాక్టుతో ఫ్లోరిడాకు వచ్చి, ఫైనల్లో 6 గోల్స్ కొట్టి కప్పు తెచ్చాడుగా అంటారు. తెచ్చాడు. తర్వాత ఫ్లోరిడా ఆరేళ్ల కాంట్రాక్టుతో అతణ్ణి నిలుపుకుంది కూడా. అయితే కొన్న రోజున ఆ హామీ ఏదీ లేదు. కాంట్రాక్టు తీరాక జూలై 1న అతను మరో జట్టుకు సంతకం చేసినా ఆపేవాళ్లు లేరు.