దాదరులో దిగిన తెల్లవారుజాము

మేము ముంబయికి బయలుదేరిన రాత్రి మా అత్తగారు చేసిన హితబోధ అంతా ఒక్క మాటలో వుంది: "ఎవ్వరితోనూ మాట్లాడకు. తల దించుకుని వెళ్ళు, తల దించుకుని రా." ఆవిడ షోలాపూరు దాటి ఒంటరిగా ఎన్నడూ వెళ్ళినవారు కారు. ముంబయి ఆవిడకు ఇప్పటికీ బొంబాయే. ఒక్కరమే వెళ్ళి "మేము" అంటున్నామని చదువరులు నవ్వుకోవచ్చు. పత్రికకు వ్రాసేటప్పుడు "నేను" అనడం మాకు మొదటినుంచీ చేతకాలేదు.

రెండేళ్ళ క్రితం మాకు రొమ్ములో గడ్డ తీశారు. మూడు నెలలకొకసారి పరేలులోని ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి. ప్రతిసారీ మావారు తోడు వచ్చేవారు. ఈసారి ఆయన కాలు విరిగి మంచంమీద వున్నారు. అబ్బాయికి సెలవు దొరకలేదు. వాయిదా వేద్దామంటే మనసు ఒప్పుకోలేదు. ఆ జబ్బు సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సు రాత్రి మా వూళ్ళో ఎక్కితే తెల్లవారేవేళకు ముంబయి చేరుస్తుంది. నల్లపూసలు తప్ప బంగారమంతా ఇంట్లోనే వదిలాము. డబ్బు మూడు చోట్ల దాచాము. ఆసుపత్రి కాగితాలు, రెండు చీరలు, కడక్ రొట్టెలు, పల్లీల కారం ఒక సంచిలో, మావాళ్ళ మగ్గం మీద నేసిన దుప్పటి చంకలో. ఇంత జాగ్రత్తపడినవాళ్ళం దాదరులో దిగిన పావుగంటకే సంచి పోగొట్టుకోబోయామంటే నమ్ముతారా?

చలికాలం, ఇంకా చీకటి విడలేదు. క్షేమంగా దిగామని మావారికి ఫోనులో చెప్పి, బయటికి వచ్చి ఆటో కోసం అటూ ఇటూ చూస్తున్నాము. "అమ్మా, మీరు మన తెలుగువారేనా? ఏ వూరు?" అన్నారెవరో వెనుకనుంచి. నలభై ఏళ్ళ మనిషి, శుభ్రమైన చొక్కా. నాలుగు తరాలుగా మరాఠీల మధ్య బతుకుతున్నవాళ్ళం; పరవూళ్ళో తెలుగు మాట చెవినపడితే ప్రాణం లేచివస్తుంది. అత్తగారి హితబోధ ఎటుపోయిందో! వూరు చెప్పాము, ఆసుపత్రి చెప్పాము, ఒక్కరమే వచ్చామని కూడా చెప్పాము. ఆసుపత్రిలో తనవాళ్ళున్నారనీ, చీటీ త్వరగా ఇప్పిస్తాననీ, ముందు స్నానానికి గది చూపిస్తాననీ అంటూనే సంచి అందుకున్నాడు. ఆటో ఏదీ అంటే "ఆ మలుపులోనే" అన్నాడు.

దాదరులో ఆటోలు తిరగవు. నగరంలో ఆ భాగమంతా టాక్సీలే. ఆటోలు బాంద్రా, సయన్ మొదలు ఉత్తరాన వున్న ఉపనగరాల్లోనే కనిపిస్తాయి. ఇది మాకు తర్వాత తెలిసింది. ఆటో కోసం వెదికే మనిషి వూరికి కొత్త అని అతనికి మాత్రం ముందే తెలుసు కాబోలు.

మలుపు దగ్గర దీపాలు తక్కువ. అతను వెనక్కి చూడకుండా నడుస్తున్నాడు. కాగితాలన్నీ ఆ సంచిలోనే వున్నాయి. అంతవరకు జీవితంలో వీధిలో గొంతెత్తి ఎరుగని మేము, ఉన్నచోటనే నిలబడి "పిశవీ ఖాలీ ఠేవ్!" అని మరాఠీలో అరిచాము. సంచి కింద పెట్టు అని. ఆ అరుపు తెలుగులో ఎందుకు రాలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే.

దాదరు పడమటివైపు పూలబజారు చీకటితోనే మొదలవుతుంది. బుట్టలు సర్దుకుంటున్న ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు లేచి నిలబడ్డారు, అంతే. సాయం చేయబోతే ఇదా అని గొణిగి అతను సంచి వదలి వెళ్ళిపోయాడు. గది మాట నిజమేనేమో, మనకు తెలియదు. ఆటో మాట మాత్రం అబద్ధం.

బంతిపూలు అమ్మే పెద్దావిడ మమ్మల్ని తన గోనెపట్టా మీద కూర్చోబెట్టి టీ తాగించింది. "బాయీ, నీకోసం తనంతట తాను వచ్చినవాడి వెంట పోకు. మనిషి కావలిస్తే నువ్వే ఎంచుకో, నువ్వే అడుగు," అంది. ఆలోచించిన కొద్దీ ఆ మాట ఎంత లోతైనదో తెలిసింది. కొత్తవాళ్ళకోసం పొంచి వున్నవాడే కొత్తవాళ్ళ దగ్గరికి వస్తాడు. మనం ఎంచుకున్న టీకొట్టువాడు, చంటిబిడ్డ తల్లి, టిక్కెట్టు కలెక్టరు మనకోసం కాచుకుని లేరు గదా! మా అత్తగారు ఎవ్వరితోనూ మాట్లాడవద్దన్నారు. మేమేమో పలకరించినవాడితో మాట్లాడాము. రెండూ తప్పే.

తెల్లవారేదాకా స్టేషనులో ఆడవాళ్ళ విశ్రాంతి గదిలో వున్నాము. తర్వాత వరుసలో వున్న టాక్సీ మేమే ఎంచుకుని, మీటరు వేయించి, బండి నంబరు ఫోనులో మావారికి గట్టిగా చదివి వినిపించాము, డ్రైవరుకు వినబడేలాగున.

సాయంత్రం భాండుపులో వున్న పిన్నికూతురి ఇంటికి లోకల్ రైలులో, స్త్రీల పెట్టెలో వెళ్ళాము. అక్కడ మాట్లాడకుండా వుండడమే అసాధ్యం! ఎక్కీ ఎక్కగానే "ఎక్కడ దిగుతారు?" అని పదిమంది అడిగారు. దిగేచోటు చెప్పినవారికే చోటు దొరుకుతుంది, ఏ పక్క గుమ్మానికి ఎప్పుడు కదలాలో కూడా వాళ్ళే చెబుతారు. ఒకామె వంకాయలు తరుక్కుంటూ కొన్ని సంగతులు నేర్పింది. కొన్ని పెట్టెలు రోజంతా స్త్రీలవే, కొన్ని కొన్ని వేళలకే. పెట్టె మీద వ్రాసి వుంటుంది, చదివి ఎక్కాలి. రాత్రిళ్ళు పోలీసు కాపలా వున్న పెట్టె చూసి ఎక్కాలి. రైల్లో ఆపద వస్తే 139, ఎక్కడైనా 112. చర్చిగేటు నుంచి బోరివలికి పూర్తిగా ఆడవాళ్ళ రైలు 1992లో మొదలైననాడు ఆమె చిన్నపిల్లట. వాళ్ళమ్మ అందులో ఎక్కి ఆఫీసుకు వెళ్ళేదట. చెబుతుంటే ఆమె ముఖంలో కనిపించిన గర్వం మేము మరువలేదు.

డాక్టరు అంతా బాగున్నదన్నాడు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాము. సంచి సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే మావారు విరిగిన కాలుతోనే మళ్ళీసారి బయలుదేరతారు, లేదా మమ్మల్ని బయలుదేరనివ్వరు. ఆయన ఈ పత్రిక మా అత్తగారికి పైకి చదివి వినిపిస్తూ వుంటారు. ఈ సంచిక మా ఇంటికి చేరేనాటికి మేము మరల దాదరులో దిగి వుంటాము.