బీజింగ్ కోటలో ఓ బావి

మా అమ్మకి చైనా భాష ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అయినా 2018 చివర్లో ఓ చైనా సీరియల్ 70 ఎపిసోడ్లూ వరసపెట్టి చూసేసింది. పేరు 'స్టోరీ ఆఫ్ యెన్‌షీ ప్యాలెస్'. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, బొమ్మ కింద వచ్చే ఇంగ్లీషు మాటల్ని తెలుగులో చెబుతుంటే అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. చక్రవర్తి కోటలో పనిచేసిన ఓ అమ్మాయి చనిపోతుంది. ఎలా పోయిందో ఎవరూ చెప్పరు. అది తేల్చుకోవడానికి ఆమె చెల్లెలు యింగ్‌లువో అదే కోటలో కుట్టుపని చేసే దాసిగా చేరుతుంది. కథ అక్కడికి వచ్చేసరికి అమ్మ చేతిలో పని ఆగిపోయింది. 'అడగాలి. అడక్కపోతే ఎట్లా?' అంది, తనలో తను అనుకున్నట్టుగా.

2019 ఏప్రిల్లో మావారు ఆఫీసు పని మీద బీజింగ్ వెళ్లాల్సి వచ్చింది. నాలుగు రోజులే కదా అని నేనూ బయల్దేరాను. 'ఏం తెమ్మంటావమ్మా?' అనడిగితే, 'ఏమీ వద్దు. ఆ పిల్ల తిరిగిన కోట చూసిరా' అంది అమ్మ.

ఆ కోటే ఫర్బిడెన్ సిటీ. అనుమతి లేకుండా మామూలు మనిషి అడుగుపెట్టకూడని నగరం. మింగ్ వంశపు యుంగ్‌లె చక్రవర్తి 1406లో మొదలుపెట్టించి 1420కల్లా పూర్తిచేయించాడు. విస్తీర్ణం 72 హెక్టార్లు, అంటే దాదాపు 180 ఎకరాలు. చుట్టూ 10 మీటర్ల ఎత్తు గోడ, ఆ గోడ చుట్టూ 52 మీటర్ల వెడల్పున కందకం. మింగ్, చింగ్ వంశాల చక్రవర్తులు 24 మంది ఇక్కడి నుంచే ఏలారు. 1925 నుంచి ఇది మ్యూజియం. మేం వెళ్లినప్పుడు రోజుకి 80 వేల మందినే రానిచ్చేవారు. అందుకే పాస్‌పోర్టు నంబరుతో ముందే టికెట్లు తీసుకున్నాం. మనిషికి 60 యువాన్లు. దక్షిణ ద్వారంలోంచి లోపలికి వెళ్లాలి. వెనక్కి రావడానికి లేదు, సాగిపోవడమే.

ముందువైపు ఆవరణలో నిలబడితే మనిషి చీమంత. ఎత్తయిన పాలరాతి వేదికల మీద మూడు మండపాలు, పసుపుపచ్చ పెంకుల కప్పులు... కళ్లు చాలవు. అవి దాటి వెళితే చక్రవర్తి నివాస భాగం. అక్కడి పెద్ద మందిరంలో సింహాసనం పైన నాలుగు అక్షరాల ఫలకం వేలాడుతుంటుంది. చూడ్డానికి మామూలు ఫలకమే. కానీ కుట్రలన్నీ దాని చుట్టూ తిరిగాయి. సింహాసనం కోసం అన్నదమ్ములు కొట్టుకోవడం కళ్లారా చూసిన యుంగ్‌జెంగ్ చక్రవర్తి 1723లో ఓ పద్ధతి పెట్టాడు. వారసుడి పేరు రాసి, పెట్టెలో పెట్టి, ఆ ఫలకం వెనక దాచెయ్యాలి. అప్పట్నుంచి ఏ తల్లికీ తన కొడుకు పేరు అందులో ఉందో లేదో తెలిసేది కాదు!

సీరియల్లో యింగ్‌లువోకి మూలం చియెన్‌లుంగ్ చక్రవర్తి భార్యల్లో ఒకరైన లింగ్. ఆమెది చక్రవర్తి కుటుంబానికి ఊడిగం చేసే వంశం. 1773లో చియెన్‌లుంగ్ రహస్యంగా రాసిపెట్టింది ఆమె కొడుకు పేరే. 1775లో ఆమె చనిపోయింది. కొడుకే వారసుడని చాటిందీ, ఆమెకి పట్టమహిషి హోదా ఇచ్చిందీ 1795లో. అప్పటికి ఆమె పోయి 20 ఏళ్లు. అక్క చావు, పగ... అవన్నీ సీరియల్ రాసినవాళ్ల కల్పన.

అక్కణ్నుంచి తూర్పు వైపు తిరిగితే అంతఃపురాలు. రెండు పక్కలా ఎర్రటి గోడలు, మధ్యలో సన్నటి సందు, పైన చారెడు ఆకాశం. యెన్‌షీ ప్యాలెస్ కోసం జనం మ్యాపులు పట్టుకుని వెతుక్కుంటున్నారు. మరి 2018లో గూగుల్లో ప్రపంచమంతా ఎక్కువగా వెతికిన టీవీ కార్యక్రమం ఈ సీరియలే! తీరా చూస్తే అక్కడ అంతఃపురమే లేదు. 1845లో కాలిపోయింది. 1909లో ఆ స్థలంలో ఇనుమూ పాలరాయీ అద్దాలతో నీళ్ల మధ్య మేడ కట్టబోయారు. డబ్బుల్లేక ఆగింది. 1911 విప్లవంతో ఇక అంతే. తుప్పుపట్టిన ఇనప చట్రం మాత్రం మిగిలింది. అన్నట్టు, సీరియల్ తీసింది కూడా ఇక్కడ కాదు. జెజియాంగ్ రాష్ట్రంలోని హెంగ్‌డియెన్ స్టూడియోలో. 1996లో ఓ సినిమా కోసం వేసిన సెట్టుతో మొదలైన ఆ స్టూడియోలో ఇప్పుడు ఈ కోటకి నకలు కోటే ఉంది.

కల్పన అని తెలిసీ ఎందుకింత ఆకర్షణ? 2019 జనవరిలో బీజింగ్‌లోని ఓ ప్రభుత్వ పత్రిక ఇలాంటి సీరియళ్లు కుట్రలూ ఆడంబరాలూ నేర్పుతున్నాయని మండిపడితే కొన్ని ఛానళ్లు ప్రసారాలే ఆపేశాయి. కానీ జనాన్ని పట్టి ఉంచేది కుట్ర కాదనిపిస్తుంది నాకు. 2015లో వచ్చిన 'నిర్వాణ ఇన్ ఫైర్' చూడండి. దేశద్రోహులన్న ముద్రతో 70 వేల మంది సైన్యాన్ని తుడిచిపెట్టేస్తారు. బతికి బయటపడ్డ సేనాని కొడుకు రూపం మారి, పేరు మార్చుకుని రాజధానికొస్తాడు. అతనడిగేది ఎవరి తలా కాదు. కేసు తిరగదోడమంటాడు. పోయినవాళ్లు ద్రోహులు కారని నిండు సభలో చెప్పమంటాడు. ఆ పగ అంతా ఒక ప్రశ్న. పెద్దవాళ్లు మూసేసిన ప్రశ్నని చిన్నవాళ్లు మళ్లీ అడగడం.

ఆ సంగతి నాకు బాగా అర్థమైంది మాత్రం కోట ఈశాన్య మూల, ఓ బావి దగ్గర. అటు వెళ్లడానికి ఇంకో 10 యువాన్ల టికెట్ కొనాలి. బావి అంటే మన ఊళ్లలో బావుల్లా కాదు. నేలమీద ఓ రాయి, దానికి సన్నటి నోరు. ఇందులో మనిషి ఎలా పట్టిందా అని చూసినవాళ్లంతా వంగి వంగి కొలుస్తున్నారు. రాయికి రెండు పక్కలా కన్నాలు. కడ్డీ దూర్చి తాళం వేయడానికట.

గ్వాంగ్‌షూ చక్రవర్తికి ఇష్టమైన చిన్నరాణి జెన్. పెత్తనమంతా రాజమాత త్సిషీది. ఆమెకి జెన్ గిట్టదు. 1900 ఆగస్టులో ఎనిమిది దేశాల సేనలు బీజింగ్ మీద పడ్డాయి. బ్రిటిష్ వాళ్లు తీసుకెళ్లిన మన సిపాయిలూ అందులో ఉన్నారు. పారిపోయే ముందు త్సిషీ మనుషులే జెన్‌ని ఈ బావిలో తోయించారని జనం చెప్పుకుంటారు. అప్పటికామెకి 24 ఏళ్లు. మరుసటి ఏడాది తిరిగొచ్చాక దర్బారు మాత్రం, వెంట రాలేకపోయిన రాణి మానం కోసం తనే ప్రాణం తీసుకుందని ప్రకటించి, హోదా పెంచింది. కాగితం మీద అదే ఉండిపోయింది. జెన్ సొంత అక్క జిన్ కూడా అదే చక్రవర్తికి రాణి. ఆ అక్క తర్వాత బావికెదురుగా ఓ గదిలో చెల్లెలి పేరున పూజాఫలకం పెట్టించుకుంది. ఆమె చేయగలిగింది అదే.

ఇంటికొచ్చాక అమ్మకి ఫొటోలు చూపించాను. మండపాలూ, సింహాసనాలూ గబగబా తిప్పేసింది. బావి ఫొటో దగ్గర ఆగింది. కథంతా విని, 'తనే దూకిందని రాశారా?' అంది.

మా పెద్దమ్మ గురించి నాకు తెలిసింది ఒక్క మాటే. 19 ఏళ్లకి అత్తవారింట్లో కాలుజారి బావిలో పడి పోయింది. తాతయ్య వెళ్లి, కార్యక్రమం కానిచ్చి, ఏమీ అడక్కుండా తిరిగొచ్చాడు. అప్పటికి అమ్మకి 13 ఏళ్లు. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

'మా అక్కకి ఈత వచ్చు' అంది అమ్మ, ఫొటో మీంచి కళ్లు తిప్పకుండా. 'కాలవలో నాకు నేర్పింది తనే.'

కాసేపు నాకు నోట మాట రాలేదు. 'ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేమ్మా?' అన్నాను.

'ఎవరైనా అడిగితేగా' అంది.