అద్దాల పెట్టెలో మన గుస్సాడీ టోపీ

మొన్న హాస్టల్ నుంచి ఆరుగురం ఒక మ్యూజియం చూడ పోయినం. అద్దాల పెట్టెలో గుస్సాడీల నెమలి ఈకల టోపీ ఉంది. కింద చీటీ మీద గిరిజనుల తలపాగా అని రాసిన్రు, అంతే. దండారీలో పూజ చేయకుండా దాన్ని తలకు పెట్టుకుంటమా మనం? పైన లైటు మాత్రం భగ్గుమంటోంది.

రూముకొచ్చి మ్యూజియాలజీ అంటే ఏందో వెతికినం. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో 1952 నుంచే ఆ చదువు ఉందట! ఈకలు, బట్టల మీద వెలుతురు 50 లక్స్ దాటనీయొద్దట, ఒకసారి పోయిన రంగు మళ్ళీ రాదు. ఇది వాళ్ళు నేర్పుతరు. చీటీ మీద ఏం రాయాలో మాత్రం మన ఊరి పెద్దల్నే అడగాలె.

డిగ్రీ అయినంక మాలో ఇద్దరం అప్లై చేద్దామనుకుంటున్నం. ఇంట్లో ఇంకా చెప్పలే. మ్యూజియంల కొలువంటే కావలి కాసుడా అంటరేమో.