ఓటుకు కట్టిన వెల
2018 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడా ప్రజలు, హత్యానేరస్థులను, లైంగిక నేరస్థులను మినహాయించి, శిక్ష ముగించుకొని వచ్చినవారికి ఓటుహక్కు మరల దక్కవలెనని నూటికి 64 మందికి పైగా సమ్మతించి తమ రాష్ట్ర రాజ్యాంగమును సవరించుకొనిరి. మరుసటి యేడే అచటి శాసనసభ, జరిమానాలును కోర్టు రుసుములును చిల్లిగవ్వ బాకీలేకుండ చెల్లించిననేగాని శిక్ష ముగిసినట్లు కాదని చట్టము చేసినది. 2020లో అప్పీలు న్యాయస్థానము దానినే సమర్థించినది. ఎవరెంత బాకీయో తేల్చిచెప్పు లెక్క ప్రభుత్వమువద్దనే సరిగా లేదు! ఏనాటిదో రసీదుకొరకు పెట్టె అడుగున వెదకి వెదకి, పొరపాటున పేరు నమోదైనచో మరల నేరమగునేమోయని జంకి, దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకొను మనిషిని తలచినప్పుడెల్ల నాకు కడుపు తరుగుకొనిపోవును. మన హైదరాబాదు చంచల్‌గూడ జైలులోను అంతే: బెయిలు సొమ్ము కట్టగలిగినవాడు వెలుపలికి వచ్చి ఓటు వేయును, కట్టలేని విచారణఖైదీకి, నేరము రుజువు కాకమునుపే, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ఓటు లేదనుచున్నది.