రాయవేలూరు బండి

తిరుపతి స్టేషన్లో దిగేవాళ్ల చూపు కొండవైపే. కాట్పాడి వెళ్లే బండి ఎక్కేవాళ్లలో కొందరికి మాత్రం ఆ ధ్యాస ఉండదు. చేతిలో లడ్డూల సంచీకి బదులు పెద్ద కవరు... అందులో స్కానింగు ఫిల్ములు, ముక్క పరీక్ష రిపోర్టు. 'యాడికి పోతాండారు మా?' అని పక్కసీటావిడ అడిగితే 'రాయవేలూరికి' అంటారు. ఇక రెండో ప్రశ్న ఉండదు. ఇక్కడ ఆ ఊరి పేరు చెబితే చాలు, జబ్బు పేరు చెప్పక్కర్లేదు!

చంద్రగిరి దాటి, పాకాల జంక్షన్లో దక్షిణానికి మళ్లి, పూతలపట్టు, చిత్తూరు మీదుగా వెళ్తుంది రైలు. సరిహద్దు దాటితే కాట్పాడి. మొత్తం వంద కిలోమీటర్ల పైచిలుకు. అసలు వేలూరు పరాయి ఊరేం కాదు. 1911 దాకా రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లావే, పైగా దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. ఇడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే నేటి సీఎంసీ. చిత్తూరు మనిషికి తమిళం అడ్డు కాదు. అడ్డల్లా కార్డు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఎంపిక చేసిన ఆస్పత్రులకు దాన్ని విస్తరించింది 2019 నవంబరులో. ఏ జబ్బుకు, ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో కనుక్కోవడమే రోగి బంధువుకి ఒక ఉద్యోగం.

మరి తిరుపతిలో లేవా? ఉన్నాయి. తితిదే అండతో స్విమ్స్ 1993 నుంచీ నడుస్తోంది. అలిపిరి దగ్గర తితిదే ఇచ్చిన 25 ఎకరాల్లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రికి 2018 ఆగస్టు 31న రతన్ టాటా సమక్షంలో శంకుస్థాపన జరిగింది. 2022 మేలో ప్రారంభమైంది.

చిక్కంతా 'కరెంటు పెట్టించుకోవడం' దగ్గర. రేడియేషన్‌కి పల్లెజనం పెట్టుకున్న పేరది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకి సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు పెడతారు. యంత్రం కింద పడుకునేది నిమిషాలే. కానీ రోజూ రావాలి. కుప్పం నుంచి తిరుపతికి బస్సులో నాలుగైదు గంటలు... రోజూ అయ్యే పనేనా? గది తీసుకోవాలి. తోడు ఒకరుండాలి. ఇద్దరి కూలీ పోతుంది. ఇక ఆవుల సంగతి? పూటపూటా డెయిరీకి పాలు పోస్తేనే ఇల్లు గడిచే ప్రాంతమిది. ఆవిడ ఊళ్లో లేకపోతే పాలు పితికేదెవరు? అందుకే కొందరు నొప్పి కాస్త తగ్గగానే మధ్యలో మానేసి వెళ్లిపోతారు. మధ్యలో ఆపితే ఫలితం దెబ్బతింటుందని డాక్టర్లు చెబుతూనే ఉంటారు.

సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు యానాదుల కష్టం ఇంకా ముందే మొదలవుతుంది. చేపలకో, ఇటుక బట్టీలకో ఊళ్లు మారే కుటుంబాల్లో కొందరికి ఆధార్, బియ్యం కార్డు లేవు. వైద్యం ఉచితమే, అది ఇప్పించే కాగితమే చేతిలో ఉండదు.

ఉత్తరధ్రువం పక్కన, కెనడాలోని నునావుట్‌లో ఇన్యూట్‌లదీ ఇలాంటి ప్రయాణమే. అక్కడ రేడియేషన్ యంత్రం లేదు. ఇకాలుయిట్ నుంచి సుమారు రెండువేల కిలోమీటర్ల దూరంలోని ఒటావాకి విమానమెక్కాలి. వాళ్ల ఇనుక్టిటుట్ భాష అక్కడ డాక్టరుకి అర్థం కాదు, దుబాసీ కావాలి. ఆ మంచుదేశంతో పోలిస్తే మనది ఎంత దగ్గర! అయినా మనవాళ్లూ ఆలస్యంగానే చేరుతున్నారు. తెల్లబట్ట అవుతోందంటే 'వేడి చేసింది, మజ్జిగ తాగు' అంటారు ఇంట్లో. తర్వాత ఆర్‌ఎంపీ మాత్రలు. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం రాసి చూసే పరీక్షకి నిమిషాలు చాలు. అది చేయించుకునేందుకు సిగ్గు, తీరిక లేకపోవడం.

సాయంత్రం కాట్పాడి నుంచి తిరుగు బండి. కొందరు చిత్తూరులో దిగి పలమనేరు, వి.కోట బస్సు అందుకోవాలి. కవరు ఇంకాస్త లావెక్కి ఉంటుంది. ఫోన్లో మాట మాత్రం మారదు... 'రేపు పొద్దున పాలు పోసేదెవురు?'